ఎలక్ట్రాలిసిస్ ప్లేట్లకు ఎమరీ కొట్టాలా, పాలిష్ చేయాలా, యాసిడ్‌లో ముంచాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నీళ్లలో కరెంటు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి (ఎలక్ట్రాలిసిస్ అంటే అదే) స్టెయిన్‌లెస్ స్టీలు రేకు తెచ్చి 10 సెం.మీ. చదరంగా రెండు ప్లేట్లు కోశారు. బఫ్ మెషీన్ మీద అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేశారు. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, రెండు చెంచాల ఉప్పు వేసి, 12 వోల్టుల సప్లై ఇచ్చారు. పది నిమిషాలకే నీళ్లు ఆకుపచ్చగా మారాయి, తర్వాత గోధుమరంగు మడ్డి దిగింది, బ్లీచింగ్ పౌడర్ వాసన కొట్టింది. ప్లస్ ప్లేటు మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. బుడగలు కూడా ప్లేటంతా రాకుండా మచ్చలు మచ్చలుగా వచ్చాయి. ఇప్పుడు కొత్త ప్లేట్లు కోస్తున్నారు. వీటికి ఎమరీ (గరుకు కాగితం) కొట్టాలా, ఇంకా నున్నగా పాలిష్ చేయాలా, యాసిడ్‌లో ముంచాలా అన్నది మీ సందేహం. చివర్లో, ఎన్నాళ్లకోసారి ప్లేట్లు తీసి శుభ్రం చేయాలని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: 80 లేదా 120 నంబరు ఎమరీ కొట్టండి. పాలిష్ వద్దు. యాసిడ్ అక్కర్లేదు. జిడ్డు పూర్తిగా వదిలించండి. వీటన్నిటికంటే ముందు ఆ ఉప్పు మానేయండి.

నేను పదహారేళ్లుగా ఎలక్ట్రోప్లేటింగ్, అంటే కరెంటుతో లోహపు పూత పూసే పనిలో ఉన్నాను. పూత పూయడంలో సగం కంటే ఎక్కువ పని పూతకు ముందే అయిపోతుంది, అంతా కడగడమే. నీళ్లను విడగొట్టే సెల్స్ సరదాకి మొదలుపెట్టాను. ఇప్పటికి ఓ డజను చేసి ఉంటాను, అందులో సగం పాడుచేసినవే. కింద రాసేదంతా ఆ రెంటి నుంచి తెలిసింది.

ముందు ఉప్పు సంగతి, ఎందుకంటే మీ ప్లేట్లు పాడవడానికి అసలు కారణం అదే. ఉప్పు వేసినప్పుడు ప్లస్ ప్లేటు దగ్గర ఆక్సిజన్ రావాల్సిన చోట క్లోరిన్ వస్తుంది. మీకు వచ్చిన బ్లీచింగ్ వాసన అదే, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. రెండోది, స్టెయిన్‌లెస్ స్టీలును తుప్పు పట్టకుండా కాపాడేది దాని మీదుండే కంటికి కనిపించనంత పలచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా చీల్చి లోపలికి దూరుతుంది. మీరు చూసిన సూది గుంటలు అవే. గుంట పడ్డాక లోపలి ఇనుము, నికెల్, క్రోమియం అన్నీ కరిగి నీళ్లలోకి వస్తాయి. ఆకుపచ్చ నికెల్‌ది, క్రోమియంది. గోధుమరంగు మడ్డి ఇనుముది.

ఇందులో భయపడాల్సింది పసుపు రంగుకి. అది హెక్సావేలెంట్ క్రోమియం, క్యాన్సర్ కలిగించే పదార్థం. మా పనిలో పాత తరం క్రోమ్ ప్లేటర్లకు చేతుల మీద మానని పుండ్లు ఉండేవి, ముక్కు లోపలి గోడకు చిల్లులు పడేవి. మీ డబ్బాలో అంత ఉందని కాదు. కానీ ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కాలువలో పోయొద్దు, మొక్కలకు అసలే పోయొద్దు. గ్లవ్స్ వేసుకుని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ క్యానులో పోసి, పైన ఏముందో రాసి, ప్రమాదకర రసాయన వ్యర్థాలు తీసుకునే వాళ్లకు అప్పగించండి. తెలిసిన కెమిస్ట్రీ ల్యాబ్ ఉంటే వాళ్లను అడగండి. గుంటలు పడిన ప్లేట్లను మళ్లీ వాడకండి. ఎమరీ పైనున్న నలుపును తీస్తుంది గానీ గుంట లోపల ఇరుక్కున్న క్లోరైడును తీయలేదు.

ఉప్పు బదులు ఏం వేయాలి? కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) అన్నిటికంటే మంచిది, కాస్టిక్ సోడా దాని తర్వాత. నీళ్లు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి. బోరు నీళ్లలో, కుళాయి నీళ్లలో క్లోరైడు ఉంటుంది. పైగా కాల్షియం, మెగ్నీషియం మైనస్ ప్లేటు మీద తెల్లటి గారలా పేరుకుంటాయి. లీటరుకు 20 నుంచి 50 గ్రాముల కాస్టిక్ మీ డబ్బాకు సరిపోతుంది. ఎప్పుడూ నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఒక్కసారిగా చిందుతుంది. కళ్లజోడు ఉంది కదా అనుకోకండి, పక్కల నుంచి కూడా కప్పి ఉండే గాగుల్స్ పెట్టుకోండి. కంట్లో పడితే ముందు కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడగాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాస్టిక్‌ను అల్యూమినియం గిన్నెలో ఎప్పుడూ కలపొద్దు.

కాస్టిక్ అంటే భయంగా ఉంటే చాకలి సోడా వాడొచ్చు. కరెంటు తక్కువ పారుతుంది, అంతే. వంట సోడా కూడా పనిచేస్తుంది గానీ మొదట్లో దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ కూడా కలిసి వస్తుంది, కాబట్టి ఎంత గ్యాస్ వచ్చిందో కొలుచుకోవడానికి పనికిరాదు.

ఇక లోహం. మీరు "స్టెయిన్‌లెస్" అన్నారు గానీ గ్రేడు చెప్పలేదు. 304 అయితే చాలు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో నికెల్ ఇంకొంచెం ఎక్కువ, దానితోపాటు 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే అది నికెల్ లేని 430 లాంటి రకం, మనకొద్దు. అయితే ఈ పరీక్షలో రెండు తిరకాసులున్నాయి. మంచి 304 రేకు కూడా షియర్ (రేకు కత్తిరించే మెషీన్) మీద కోసిన అంచు దగ్గర, వంచిన చోట అయస్కాంతాన్ని కొద్దిగా లాగుతుంది, అందుకని రేకు మధ్యలో చూడాలి. రెండోది, నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 200 సిరీస్ కూడా అయస్కాంతానికి అంటుకోదు. అంటే అంటుకుంటే పక్కన పెట్టేయొచ్చు గానీ, అంటుకోనంత మాత్రాన 304 అని నమ్మడానికి లేదు. గ్రేడు ముద్ర ఉన్న రేకు కొనడమే మేలు. మందం 1 మి.మీ. ఉంటే బాగుంటుంది. మరీ పలచగా ఉంటే వేడికి వంగి పక్క ప్లేటును తాకుతుంది.

ఇంట్లో దొరికిన వేరే లోహాలు వాడొచ్చా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. అల్యూమినియం వద్దే వద్దు. కరెంటు లేకుండానే కాస్టిక్‌లో అది పొంగుతూ కరిగి హైడ్రోజన్ వదులుతుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా కరుగుతుంది, ఆపడానికి స్విచ్చు ఉండదు. జింకు పూత ఉన్న రేకులో ఆ పూత కాస్టిక్‌లో కరిగిపోతుంది. పెన్సిల్ గ్రాఫైట్ ప్లస్ వైపు పొడిపొడిగా రాలి నీళ్లను నల్లగా చేస్తుంది. రాగి, ఇత్తడి మైనస్ వైపు బాగానే ఉంటాయి గానీ ప్లస్ వైపు పనికిరావు. ఇది కొత్త సంగతేం కాదు. 1800లో నికల్సన్, కార్లైల్ నీళ్లను విడగొట్టినప్పుడు మొదట ఇత్తడి తీగలే వాడారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ వచ్చింది, రెండో దాని దగ్గర గ్యాస్ రావాల్సింది పోయి తీగే నల్లబడింది. ప్లాటినం పెట్టాకే రెండు వైపులా గ్యాస్ కనిపించింది. మైనస్ ప్లేటు ఏదైనా సర్దుకుపోతుంది, ప్లస్ ప్లేటే పేచీ పెడుతుంది. ఓపిక ఉంటే ప్లస్ వైపు స్వచ్ఛమైన నికెల్ రేకు, మైనస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టండి. నేను ఇప్పుడు చేసేవన్నీ అలాగే చేస్తున్నాను.

క్రోమ్ పూత ఉన్న వస్తువులు కూడా వద్దు. మా షాపులో పాత క్రోమ్ పూత తీసేయాలంటే ఏం చేస్తామో తెలుసా? కాస్టిక్ సోడా నీళ్లలో ఆ వస్తువును ప్లస్‌కి కలిపి కరెంటు ఇస్తాం. కాసేపటికి పూత మొత్తం కరిగి నీళ్లు పసుపెక్కుతాయి. మీరు సెల్‌లో చేసేదీ అచ్చం అదే అమరిక కదా. 304లోని క్రోమియం కూడా, వోల్టేజీ మరీ ఎక్కువైతే, ఉప్పు లేకపోయినా ఇలాగే కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అందుకే కాస్టిక్ సెల్‌లో నీళ్లు లేత పసుపు అయినట్టు అనిపిస్తే కరెంటు తగ్గించండి, ఆ నీళ్లను కూడా పైన చెప్పినట్టే దాచండి.

ప్లేటు కోయడం గురించి ఎక్కువ చెప్పను. కోసిన అంచులో లేచి ఉండే పదును (వర్క్‌షాపుల్లో బర్ అంటారు) ఆకురాయితో పూర్తిగా తీసేయండి. వేలు తెగడం ఒక్కటే కాదు, ఆ మొన దగ్గర కరెంటు పోగవుతుంది, పక్క ప్లేటుకు దూరమూ తగ్గుతుంది. మూలలు కొద్దిగా గుండ్రంగా చేయండి. కనెక్షన్ కోసం ప్లేటుకు పైన ఒక చెవి వదిలి కోయండి, దాని సంగతి తర్వాత చెప్తాను. బోల్టు రంధ్రాలు వేయడమంతా ఎమరీకి ముందే అయిపోవాలి.

ఎమరీ ఎందుకు? అద్దంలా ఉన్న ప్లేటు మీద బుడగ పెద్దదయ్యేదాకా అతుక్కుని కూర్చుంటుంది. అది కూర్చున్నంతసేపు ఆ కింద లోహానికి నీళ్లు తగలవు, అంటే ఆ చోటు పనిచేయనట్టే. సన్నటి గీతలున్న ప్లేటు మీద బుడగలు చాలా చోట్ల పుడతాయి, చిన్నగా ఉండగానే వదిలి పైకి పోతాయి, పాల నురగలా కనిపిస్తాయి. అదీగాక గీతల వల్ల అసలు ఉపరితలం పెరుగుతుంది. పాలిష్‌తో ఇంకో చిక్కు ఉంది: బఫ్ మీద వాడే పాలిష్ సబ్బులో మైనం, జిడ్డు ఉంటాయి. మీకు మచ్చలు మచ్చలుగా బుడగలు రావడానికి అదే కారణమని నా అనుమానం. చూడటానికి తళతళలాడుతుంది, పైన మాత్రం మైనపు పొర ఉంటుంది.

నల్లటి వాటర్‌ప్రూఫ్ ఎమరీ, సిలికాన్ కార్బైడ్ది, తీసుకోండి. ఒక చదునైన చెక్క ముక్కకు చుట్టి, నీళ్లతో తడుపుతూ, ముందు ఒక మూల నుంచి ఎదురు మూలకు, తర్వాత రెండో మూల నుంచి అడ్డంగా కొట్టండి. గీతలు వలలా కనిపించాలి. రెండు వైపులా. తడిపి కొడితే దుమ్ము లేవదు. పొడిగా గ్రైండర్‌తో కొడితే ఆ దుమ్ములో నికెల్, క్రోమియం ఉంటాయి, మాస్క్ లేకుండా చేయకండి. ఒక్కో వైపు ఐదారు నిమిషాలు చాలు, చేతులు నొప్పి పుట్టేదాకా అక్కర్లేదు.

ఎమరీ కొత్తది అయి ఉండాలి, ఇంతకు ముందు మామూలు ఇనుము మీద వాడినది కాకూడదు. ఇనుప తీగల బ్రష్షు కూడా వద్దు. నా రెండో సెల్‌కి తొందరపడి గ్రైండర్‌కి ఇనుప బ్రష్షు బిగించి నిమిషంలో పని ముగించాను. ప్లేట్లు ముచ్చటగా ఉన్నాయి. రాత్రంతా తడిగా వదిలేస్తే తెల్లారేసరికి బ్రష్షు తిరిగిన దారిలోనే అర్ధచంద్రాకారంలో తుప్పు గీతలు కనిపించాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పేమిటా అని తల గోక్కున్నాను. తుప్పు పట్టింది స్టీలుకు కాదు, దాంట్లోకి దిగబడిన బ్రష్షు తీగల పొడికి. అన్నీ మళ్లీ మొదటి నుంచి.

ఎమరీ అయ్యాక కడగడం. ఇక్కడ తొందరపడే వాళ్లే ఎక్కువ. ముందు గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి నైలాన్ బ్రష్షుతో రెండుసార్లు. తర్వాత వేడి చాకలి సోడా నీళ్లలో పావుగంట నానబెట్టి మళ్లీ తోమడం. తర్వాత ధారగా మంచినీళ్లు, ఆఖరున డిస్టిల్డ్ వాటర్. మైనం, నూనె ఎక్కువగా ఉంటే అన్నిటికంటే ముందు అసిటోన్‌తో తుడవండి. గుడ్డ మార్చుతూ తుడవాలి, లేకపోతే జిడ్డును ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూయడమే అవుతుంది. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, గాలి ఆడే చోట, మంటకు, స్పార్కులకు దూరంగా చేయండి. క్లోరిన్ ఉన్న డీగ్రీజర్ (జిడ్డు వదిలించే) స్ప్రేలు వాడి ఆ ప్లేటుకు వెల్డింగ్ పెడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. అందుకని అలాంటి స్ప్రేలే వద్దు.

శుభ్రం అయిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్లేటింగ్ షాపుల్లో రోజూ చేసే పరీక్ష ఇది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి ప్లేటును నిలువుగా పట్టుకోండి. నీళ్లు ప్లేటంతా ఒకే పొరలా పరుచుకుని, అర నిమిషం పాటు ఎక్కడా చీలకుండా నెమ్మదిగా కిందికి జారాలి. తామరాకు మీద నీటిబొట్టులా ఎక్కడైనా విడిపోయి బొట్లు కట్టిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే. మళ్లీ తోమండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే చీలిక అంచు స్పష్టంగా కనిపిస్తుంది. పరీక్షకు సబ్బు నీళ్లు పనికిరావు. సబ్బు మిగిలి ఉంటే జిడ్డు మీద కూడా నీళ్లు పరుచుకుంటాయి, మోసపోతారు. అందుకే చివరి కడుగు అయ్యాకే చూడాలి.

ఈ పరీక్ష నెగ్గిన ప్లేటును మళ్లీ వేళ్లతో ముట్టుకోకూడదు. పొడి లేని కొత్త గ్లవ్స్ వేసుకుని అంచులు పట్టుకోండి. అతిగా చెప్తున్నానని అనిపించొచ్చు. ఒకసారి గాజు జాడీలో నికెల్ ప్లేటు పెట్టి కరెంటు ఇచ్చి చూస్తున్నాను. ప్లేటంతా సన్నటి నురగ లేస్తోంది, కింద కుడి మూల మాత్రం ఖాళీ. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ ఖాళీ నా బొటనవేలి ఆకారంలో ఉంది, వేలి గీతలతో సహా. గీతకూ గీతకూ మధ్య వరుసగా బుడగలు. పదిహేను నిమిషాల తర్వాత కూడా ఆ ముద్ర పోలేదు. కెమెరా కోసం వెతికేలోపు మా అబ్బాయి ప్లేటు కదిపేశాడు.

యాసిడ్ గురించి. కొన్ని వీడియోల్లో టాయిలెట్ క్లీనర్లో, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచమంటారు. వినకండి. అది కూడా క్లోరైడే, ఉప్పుతో వచ్చిన గుంటల కథే మళ్లీ మొదలవుతుంది. సల్ఫ్యూరిక్, నైట్రిక్ యాసిడ్లతో ఇంట్లో ప్రయోగాలు చేయాల్సినంత లాభమేమీ లేదు. ఇనుప బ్రష్షు పొడి లాంటిది దిగబడిందని అనుమానం ఉంటే మాత్రం నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, లీటరుకు ఓ 100 గ్రాములు గోరువెచ్చటి నీళ్లలో కలిపి గంటసేపు నానబెట్టండి. పైనున్న ఇనుప పొడి కరిగిపోతుంది, స్టీలుకు ఏమీ కాదు. వెల్డింగ్ చేసిన చోట నెమలి ఈక రంగులు కనిపిస్తే ఆ పొర మొత్తం ఎమరీతో తీసేయాలి, అక్కడ క్రోమియం తగ్గిపోయి ఉంటుంది.

బిగించేటప్పుడు ప్లేట్ల మధ్య ఎడం 2 నుంచి 3 మి.మీ. ఉంచండి. ఎక్కువైతే కరెంటుకు దారి పొడుగై వేడి పెరుగుతుంది, మరీ తక్కువైతే బుడగలు మధ్యలో ఇరుక్కుంటాయి. ఆ ఎడం నిలిపే స్పేసర్లకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ముక్కలు మంచివి. డబ్బా కూడా పాలీప్రొపిలీన్‌ది గానీ హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌ది గానీ అయి ఉండాలి. కూల్‌డ్రింక్ సీసాల పెట్ ప్లాస్టిక్‌ను, పాలీకార్బొనేట్‌ను కాస్టిక్ తినేస్తుంది, ఎప్పుడో ఒకరోజు కారిపోతుంది.

కనెక్షన్ చెవి నీళ్లకు పైనే ఉండాలి, రాగి వైరు నీళ్లలో అసలు మునగకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు కరెంటుకు ఇచ్చే నిరోధం రాగి కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ. సన్నటి చెవికి క్రొకడైల్ క్లిప్పు తగిలిస్తే అక్కడే కాలిపోతుంది. చెవి వెడల్పుగా ఉంచి, లగ్గుకు (వైరు చివరి లోహపు కొనకు) ఆనే చోట కూడా ఎమరీ కొట్టి, స్టెయిన్‌లెస్ బోల్టు, నట్టు, స్ప్రింగ్ వాషరుతో బిగించండి. నా మొదటి సెల్‌లో లగ్గు మూత కింద ఉండేది. నీళ్లు తగలడం లేదు కదా అనుకున్నాను. బుడగలు పగిలినప్పుడు లేచే తుంపర చాలు, నెలరోజులకు లగ్గంతా పచ్చటి చిలుము. అక్కడ స్పార్కు వస్తే ఏమవుతుందో తర్వాత గుర్తొచ్చి చెమటలు పట్టాయి, ఎందుకంటే మూత కింద ఉండేది హైడ్రోజన్, ఆక్సిజన్ల మిశ్రమమే.

12 వోల్టులు రెండు ప్లేట్లకే ఇవ్వడం కూడా తప్పే. ఒక జత ప్లేట్లకు 2 వోల్టులు, మహా అయితే 2.2 చాలు. లెక్క వేసి చూడండి: 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు పారితే 60 వాట్లు. అందులో గ్యాస్‌గా మారడానికి నిజంగా పట్టేది, నీళ్లను విడగొట్టడానికి లెక్క ప్రకారం కావలసిన 1.48 వోల్టుల చొప్పున, 7.4 వాట్లే. మిగతా 52 వాట్లకు పైగా నీళ్లు కాచడానికే పోతున్నాయి. 12 వోల్టుల సప్లైయే వాడాలంటే ఏడు ప్లేట్లు వరసగా పెట్టి, చివరి రెంటికే వైర్లు ఇవ్వండి. మధ్యలో ఐదు ప్లేట్లకు ఏ వైరూ ఉండదు. ప్లేటుకూ ప్లేటుకూ మధ్య మొత్తం ఆరు గదులు అవుతాయి, ఒక్కోదానికి 2 వోల్టులు పడతాయి. అదే 5 ఆంపియర్లకు ఆరు రెట్లు గ్యాస్ వస్తుంది. అయితే గదికి గదికి మధ్య నీళ్లు కలవకూడదు. ప్లేట్లను ఒకే డబ్బాలో ఊరికే వేలాడదీస్తే కరెంటు పక్కల నుంచి దాటేసి మధ్య ప్లేట్లు పనిచేయవు. కరెంటు ప్లేటు వైశాల్యాన్ని బట్టి ఉండాలి. నేను చదరపు సెంటీమీటరుకు 50–60 మిల్లీఆంపియర్లు దాటనివ్వను. మీ ప్లేట్లు 8 సెం.మీ. లోతు మునిగితే 80 చ.సెం.మీ., అంటే 4 నుంచి 4.8 ఆంపియర్లు. కరెంటు పరిమితి పెట్టుకునే వీలున్న డీసీ సప్లై వాడండి. మెయిన్స్ నుంచి నేరుగా డయోడ్లు పెట్టి తీసే సర్క్యూట్లు ప్రాణాంతకం.

గ్యాస్ గురించి రెండు ముక్కలు, మీరు అడగకపోయినా. 5 ఆంపియర్లకు ఒక జత ప్లేట్ల మధ్య గంటకు సుమారు 3 లీటర్ల మిశ్రమం వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది, ఒంటి మీద స్టాటిక్ నుంచి వచ్చే చిన్న స్పార్కు చాలు. మీ డబ్బాలో ఆక్సిజన్ కూడా కలిసే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. మూత బిగించి నిల్వ చేయొద్దు, సీసాల్లో పట్టొద్దు, గది తలుపులు కిటికీలు తీసి ఉంచండి. నేనొకసారి నిమ్మకాయంత సబ్బు బుడగలో ఈ గ్యాస్ పట్టి దూరం నుంచి అంటించాను. సాయంత్రం దాకా చెవులు గింగురుమన్నాయి.

ప్లేట్లు కొత్తగా పెట్టాక వెంటనే పూర్తి కరెంటు ఇవ్వకండి. మొదట ఒక ఆంపియరుతో, మూత లేకుండా, బయట గాలిలో, రెండు మూడు గంటలు నడపండి. పైన గోధుమరంగు తెట్టె కడుతుంది. మా భాషలో ఇది ఎలక్ట్రోక్లీనింగ్: ఎమరీ గీతల్లో మిగిలిన సన్నటి ఇనుప రజను, ఆఖరి జిడ్డు బుడగలతో లేచి వస్తాయి. ఆపి, నీళ్లు తీసేసి (కాలువలో కాదు), ప్లేట్లను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కొత్త ద్రావణం పోయండి. తెట్టె రావడం ఆగేదాకా ఇలా చేయాలి, నాకు సాధారణంగా మూడు సార్లు పడుతుంది. ప్రతిసారీ అదే ప్లేటు ప్లస్, అదే మైనస్. ప్లేటు చెవి మీద మార్కరుతో గుర్తు పెట్టుకోండి. మార్చి మార్చి ఇస్తే కట్టిన పొర ఊడి మళ్లీ మడ్డి మొదలవుతుంది.

ఎన్నాళ్లకోసారి తీసి శుభ్రం చేయాలని అడిగారు కదా. మైనస్ ప్లేటు మీద తెల్ల గార కడితే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టండి. బాగా కడిగాకే మళ్లీ కాస్టిక్‌లో పెట్టాలి. ప్లస్ ప్లేటు కొన్ని వారాలకు ముదురు గోధుమరంగుకు, తర్వాత దాదాపు నలుపుకు తిరుగుతుంది. చూడగానే చేతులు దురద పెడతాయి, తోమేయాలనిపిస్తుంది. అది మురికి కాదు. నికెల్, ఇనుము ఆక్సైడ్ల పొర అది, ఆక్సిజన్ సులువుగా రావడానికి అదే సాయం చేస్తుంది. నా మూడో సెల్‌కి ప్రతి ఆదివారం ప్లస్ ప్లేటు తీసి మళ్లీ తళతళలాడేలా ఎమరీ కొట్టేవాణ్ని. ప్రతి సోమవారం వోల్టేజీ కొంచెం ఎక్కువ, నీళ్లలో మళ్లీ కొత్త తెట్టె. ఒక ఆదివారం ఊరెళ్లి తోమడం కుదరలేదు. ఆ వారం సెల్ ఎప్పటికంటే బాగా నడిచింది. ఆ నల్ల ప్లేటు ఇప్పటికీ అందులోనే ఉంది.